"మార్పు ఒక్కటే శాశ్వతం" అని హెరాక్లిటస్ నిజంగా అన్నాడా?

బెంచ్_మీద_బుజ్జి
ఈమధ్య మా ఆఫీసులో అందర్నీ మీటింగ్‌కి పిలిచారు. మొదటి స్లయిడ్ మీదే "మార్పు ఒక్కటే శాశ్వతం – హెరాక్లిటస్" అని పెద్ద అక్షరాలు, వెనకాల ఒక నది ఫొటో. ఎవరికో మూడిందని అప్పుడే అర్థమైంది. సాయంత్రానికి టీమ్‌లో సగం మందికి మెయిల్స్ వచ్చాయి. నాకు రాలేదు గానీ బెంచ్ మీద కూర్చోబెట్టారు. పనేమీ లేదు కదా, అసలు ఈ హెరాక్లిటస్ ఎవరా అని చదవడం మొదలెట్టా. ఆయన మాటలన్నీ తిరగేసినా ఆ వాక్యం దొరకట్లేదు. పైగా అదే మనిషి "మనిషి స్వభావమే వాడి విధి" అన్నాడట. అన్నీ మారిపోయేవే అయితే స్వభావం ఒక్కటీ విధిలా ఎలా కూర్చుంటుంది? మా నాయనమ్మ "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అనేది. ఆవిడది, ఈయనది ఒకటే మాటా?

తెలిసినవాళ్లు చెప్పండి. కొటేషన్లు మాత్రం కాపీ చేసి పెట్టకండి, చాలా చూసేశా.

రాజమండ్రి_రేవు
స్లయిడ్ మీద నది ఫొటో కనబడితే లైఫ్ జాకెట్ వేసుకోవాలి తమ్ముడూ.

గ్రీకుపిచ్చి
ఆ వాక్యం ఆ రూపంలో ఆయన శకలాల్లో, అంటే మిగిలిన రాత ముక్కల్లో, లేదు. మీరు సరిగ్గానే వెతికారు.

హెరాక్లిటస్‌ది ఎఫెసస్, ఇప్పటి తుర్కియే పడమటి వైపు. కాలం సుమారు క్రీ.పూ. 500. ఒకే పుస్తకం రాసి దాన్ని ఆర్టెమిస్ గుడిలో పెట్టాడని చెబుతారు. ఆ పుస్తకం పోయింది. తర్వాతివాళ్లు తమ రాతల్లో అక్కడక్కడ ఎత్తి రాసుకున్న ముక్కలే మనకి మిగిలాయి, నూటికి పైచిలుకు. హెర్మన్ డీల్స్ అనే జర్మన్ పండితుడు తన 1903 సంకలనంలో వాటికి వేసిన నంబర్లే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు.

నది మాట పన్నెండో శకలంలో ఉంది. అవే నదుల్లో దిగేవాళ్ల మీదికి వేరే నీళ్లు, మళ్లీ వేరే నీళ్లు పారుతుంటాయి అని. "ఒకే నదిలో రెండుసార్లు దిగలేవు", "అన్నీ కదులుతాయి, ఏదీ నిలవదు" అన్నవి ప్లేటో 'క్రాటిలస్'లో ఆయన మాటగా చెప్పినవి, అదీ ఓ వందేళ్లు దాటాక. మీ ఆఫీసు స్లయిడ్ ఆ సారాంశానికి ముని మనవడు.

పన్నెండో శకలంలో "అవే నదులు" అన్నది చూడండి. నీళ్లు మారుతున్నాయి కాబట్టే అది నదిగా ఉంది, పారడం ఆగితే మడుగు. మారుతూనే నిలిచి ఉండేవి ఉన్నాయని ఆయన చెబుతున్నాడు. నిలిచేది ఏదీ లేదు అనడం వేరే సంగతి.

మూడో_అటెంప్ట్
సార్, 91వ శకలంలో "రెండుసార్లు దిగలేవు" అనే ఉంది కదా, చాలా తర్వాతి కాలం గ్రీకు రచయిత ప్లూటార్క్ ఇచ్చాడు. అది కూడా డీల్స్ లిస్టులోదే. మీకు నచ్చినది అసలు, నచ్చనిది సారాంశమా?

గ్రీకుపిచ్చి
ప్లూటార్క్ ప్లేటోని బట్టీపట్టిన మనిషి. ఆయన చేతిలో ఆ మాట హెరాక్లిటస్ పుస్తకం నుంచి వచ్చిందో, ప్లేటో నుంచి వచ్చిందో తేల్చడం కష్టం. రెండూ అసలువే అనే పండితులూ ఉన్నారు. నేను పన్నెండు వైపు.

రాజమండ్రి_రేవు
2015 పుష్కరాల్లో మునిగాం, 2027లో మళ్లీ మునుగుతాం. మధ్యలో ఎన్ని టీఎంసీలు సముద్రంలోకి పోయినా, ఇది గోదారి కాదని ఎవరైనా అంటారా? పన్నెండో శకలానికి నా ఓటు కూడా. నంబర్ కూడా కలిసొచ్చింది.

సీమ_మిరప
మార్పు ఒక్కటే శాశ్వతం అని స్లయిడ్ వేసినాయన కుర్చీ మారిందా బుజ్జీ?

బెంచ్_మీద_బుజ్జి
లేదక్కా. ఆయన శాశ్వతం.

గ్రీకుపిచ్చి
సీమ_మిరప గారి ప్రశ్నకి హెరాక్లిటస్ దగ్గరే జవాబు ఉంది. ఎఫెసస్ జనం హెర్మొడోరస్ అనే ఆయన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టారు. వాళ్లలో అందరికంటే పనికొచ్చే మనిషి ఆయనే. "మాలో ఎవడూ గొప్పవాడు ఉండకూడదు, ఉంటే ఇంకో ఊళ్లో ఉండాలి" అన్నది వాళ్ల వాదన. దానికి హెరాక్లిటస్ "మార్పుని స్వాగతించండి" అనలేదు. ఊళ్లో పెద్దవాళ్లంతా ఉరేసుకుని ఊరిని పిల్లలకి వదిలేస్తే మేలు అన్నాడు. 121వ శకలం. టీమ్‌లో మంచివాళ్లని పంపించేశాక ఎత్తి చూపాల్సిన హెరాక్లిటస్ వాక్యం అది.

ఇంకొకటి కూడా. లోకాన్ని ఆయన ఎప్పుడూ మండే అగ్ని అన్నాడు సరే, ఆ అగ్ని కొలత ప్రకారం రగులుతుంది, కొలత ప్రకారం ఆరుతుంది అని కూడా అన్నాడు. సూర్యుడు కూడా తన హద్దు దాటడు, దాటితే న్యాయదేవత పరిచారికలు పట్టుకుంటారు అన్నాడు. హెరాక్లిటస్ మార్పుకి ఒక లెక్క ఉంది. ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకోవడానికి ఆయన పేరు వాడుకోవడం అన్యాయం.

డల్లాస్_సుబ్బు
121 ప్రింట్ తీసి క్యూబికల్‌లో పెట్టుకుంటా. ఇక్కడ కూడా పోయిన ఏడాది అదే స్లయిడ్ వేశారు. మాకు నది బదులు సీతాకోకచిలుక.

లెక్కల_మాస్టారు
హెరాక్లిటస్ భజన కాస్త ఆపితే రెండు ముక్కలు చెబుతాను. దాదాపు అదే కాలంలో ఇటలీ దక్షిణాన ఎలియా ఊళ్లో పార్మెనిడీస్ ఉన్నాడు. ఆయన మార్పు అనేదే అసంభవం అన్నాడు. వాదం చిన్నది. ఉన్నది ఉంది. లేనిది లేదు, దాన్ని తలవడం కూడా కుదరదు. ఏదైనా కొత్తగా పుట్టాలంటే లేని దాంట్లోంచి పుట్టాలి. లేని దాంట్లోంచి ఏమీ రాదు. కాబట్టి పుట్టుక లేదు, చావు లేదు, మార్పు లేదు. కళ్లకి కనబడేదంతా మనుషుల అభిప్రాయం.

దీన్ని ఆయన పద్యంలో రాశాడు. రథం మీద ఒక దేవత దగ్గరికి వెళితే ఆవిడ చెప్పినట్టు. ఇప్పుడు నూట యాభైకి పైగా పంక్తులు మిగిలాయి. వాటిలో చాలా భాగం మిగలడానికి కారణం క్రీ.శ. ఆరో శతాబ్దంలో సింప్లిషియస్ అనే వ్యాఖ్యాత. ఈ పుస్తకం దొరకడం అరుదైపోయింది కాబట్టి ఎత్తి రాస్తున్నానని చెప్పి మరీ రాశాడు.

కనబడేదాన్ని చూసి మార్పు ఉందనడం తేలిక. వాదంలో తప్పెక్కడుందో చూపించండి.

రాజమండ్రి_రేవు
మార్పు లేదంటే మాస్టారూ, మీ జుట్టు?

లెక్కల_మాస్టారు
అది అభిప్రాయం.

మూడో_అటెంప్ట్
మాస్టారు జీనో గురించి చెప్పకపోవడం ఆశ్చర్యం. గ్రీకు కథల్లో పరుగు వీరుడు అకిలీస్, ఒక తాబేలు, వాళ్ల పందెం. తాబేలుకి కొంచెం ముందు చోటు ఇస్తే అకిలీస్ దాన్ని ఎప్పటికీ దాటలేడు. ఎందుకంటే తాబేలు ఉన్న చోటికి ఆయన వచ్చేసరికి అది ఇంకాస్త ముందుకి పోతుంది. జీనో పార్మెనిడీస్ శిష్యుడు. గురువుగారిని చూసి నవ్వినవాళ్లకి "మీ కదలిక ఇంతకంటే నవ్వులాట" అని చూపించడానికి ఇవి రాశాడంటారు.

లెక్కల_మాస్టారు
దానికి స్కూల్లోనే జవాబు చెప్పేస్తాం. సగం, అందులో సగం, మళ్లీ అందులో సగం, ఇలా ఎన్ని కలిపినా మొత్తం ఒకటి దాటదు. శ్రేణికి హద్దు ఉంది, అకిలీస్ దాటేస్తాడు. అయితే ఎంతసేపటికి దాటతాడో లెక్క చెబుతుంది గానీ, అంతులేని మెట్లు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కడం ఎలా పూర్తవుతుందో చెప్పదు. అరిస్టాటిల్ అందుకే వేరే దారి పట్టాడు. ఆ సగాలు అక్కడ ముందే కోసి పెట్టి లేవు, మనం కోస్తే వస్తాయి, కోయకపోతే రావు అన్నాడు. నాకు అది తప్పించుకోవడంలాగే అనిపిస్తుంది.

షుగర్_డాక్టరమ్మ
నదీ తాబేలూ బాగున్నాయి గానీ బుజ్జి అడిగింది మనిషి గురించి. నిన్నటి నేను, ఇవాళ్టి నేను ఒకరేనా అని. అది ఎవరూ ముట్టుకోలేదు.

గ్రీకుపిచ్చి
దానికి గ్రీకుల్లో మొదట జోకే పుట్టింది. సిసిలీలో సిరక్యూస్ దగ్గర ఎపికార్మస్ అని హాస్య నాటకాలు రాసేవాడు. క్రీ.పూ. ఐదో శతాబ్దం మొదట్లో. ఆయన నాటకంలోదని చెప్పే ముచ్చట ఇది. ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వమని ఒకణ్ణి అడిగితే, "ఒప్పుకున్నది నేను కాదు. మనిషి రోజూ మారుతుంటాడు. ఆనాటి మనిషి ఇప్పుడు లేడు" అంటాడు. అడగడానికి వచ్చినవాడికి ఒళ్లు మండి నాలుగు వాయిస్తాడు. దెబ్బలు తిన్నవాడు నష్టపరిహారం అడిగితే, "కొట్టింది నేను కాదు, వాడు ఇప్పుడు లేడు" అంటాడు.

డల్లాస్_సుబ్బు
మా బావమరిదికి ఈ పోస్టు చూపించకండి. మొదటి సగం చదివి ఆపేస్తాడు.

గోలి_సోడా
ఇలాంటిదే మన వైపు 'మిలిందపన్హ'లో ఉంది. మిలిందుడంటే మెనాండర్, క్రీ.పూ. రెండో శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు. నాగసేనుడనే బౌద్ధ భిక్షువుని ప్రశ్నలతో వేపుకుతింటాడు. అందులో మామిడిపళ్ల దొంగ ఉంటాడు. "చెట్టు యజమాని నాటింది టెంక, నేను కోసింది పండు. రెండూ ఒకటి కాదు, కాబట్టి నాది దొంగతనం కాదు" అంటాడు. శిక్ష వేస్తారా లేదా అని నాగసేనుడు రాజుని అడుగుతాడు. వేస్తానంటాడు రాజు. పాలకుండ కొని అక్కడే వదిలేసి, మర్నాడు వచ్చి పెరుగు చూసి "నా పాలు నాకివ్వు" అని కొట్లాడేవాడు కూడా ఉంటాడు.

నాగసేనుడి జవాబు నాకు ఇష్టం. రాత్రంతా వెలిగే దీపంలో మొదటి జాము మంట, చివరి జాము మంట ఒకటేనా? ఒకటి కాదు, వేరూ కాదు. ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తీసుకున్న అప్పు ఆ వరస వెంటే వస్తుంది.

మూడో_అటెంప్ట్
అంటే గ్రీకుల్నుంచి వీళ్లు తీసుకున్నారా, వీళ్ల నుంచి గ్రీకులా?

గోలి_సోడా
ఎవరూ ఎవరి దగ్గరా తీసుకోనక్కర్లేదు. అప్పు ఎగ్గొట్టే బుద్ధి రెండు చోట్లా ఉంది, కాబట్టి వాదమూ రెండు చోట్లా పుట్టింది.

గ్రీకుపిచ్చి
గోలి_సోడా 👏

మాస్టారి సవాలుకి నా జవాబు కాదు, అరిస్టాటిల్‌ది చెబుతా. 'ఫిజిక్స్' మొదటి పుస్తకంలో ఆయన ఉదాహరణ చాలా మామూలుది. సంగీతం రానివాడు సంగీతం నేర్చుకున్నాడు. ఇక్కడ లేని దాంట్లోంచి ఏదీ ఊడిపడలేదు. మనిషి ముందూ ఉన్నాడు, తర్వాతా ఉన్నాడు. 'రాకపోవడం' పోయింది, 'రావడం' వచ్చింది. నిలిచేది ఒకటి, పోయేది ఒకటి, వచ్చేది ఒకటి. పార్మెనిడీస్ "ఉంది, లేదు" అని రెండే గళ్లు గీశాడు. అరిస్టాటిల్ మధ్యలో ఇంకో గడి పెట్టాడు: ఇంకా కాలేదు గానీ కాగలదు.

దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉండేవారు, మెగారా ఊరి తార్కికులు. పని చేస్తున్నప్పుడు మాత్రమే శక్తి ఉంటుంది, చేయనప్పుడు లేదు అన్నారు. అరిస్టాటిల్ వాళ్లని ఏకిపారేశాడు. అలాగైతే ఇల్లు కట్టే మేస్త్రీ సాయంత్రం తాపీ కింద పెట్టగానే మేస్త్రీ కాకుండా పోతాడు, మర్నాడు తాపీ పట్టుకోగానే విద్య మళ్లీ ఎక్కడి నుంచి వస్తుంది అని అడిగాడు. కళ్లు మూసుకున్న ప్రతివాడూ గుడ్డివాడైపోతాడు, రోజుకి ఎన్నోసార్లు.

రాజమండ్రి_రేవు
అంటే మెగారా లెక్కలో బెంచ్ మీద ఉన్నవాడు ఇంజనీరు కాదు, అరిస్టాటిల్ లెక్కలో ఇంజనీరే. హెచ్ఆర్ వాళ్లది ఏ ఊరో తెలిసిపోయింది.

బెంచ్_మీద_బుజ్జి
😂 స్క్రీన్‌షాట్ తీసి మిగతా బెంచ్ వాళ్లకి పంపా. మరి మా నాయనమ్మ మాట? నైపుణ్యం నేర్చుకోవచ్చు, సరే. స్వభావం సంగతేంటి? నలభై దగ్గరపడ్డాక మనిషి మారతాడా?

గ్రీకుపిచ్చి
మీ నాయనమ్మ గారు ఏథెన్స్‌లో ఉండి ఉంటే సభలో సగం మంది ఆవిడ వైపే. మంచి కుటుంబంలో పుట్టినవాడికి మంచి బుద్ధి పుట్టుకతోనే వస్తుందని నమ్మే పెద్దమనుషులు చాలామంది. డబ్బు పుచ్చుకుని పాఠాలు చెప్పే సోఫిస్టులు "మంచితనం నేర్పొచ్చు" అనడం అందుకే అంత గొడవైంది. ప్లేటో 'ప్రొటాగరస్', 'మీనో' రెండూ ఈ గొడవ చుట్టూ తిరిగేవే.

అరిస్టాటిల్ ఇద్దరినీ కాదన్నాడు. రాయిని పదివేలసార్లు పైకి విసిరినా పైకి పోవడం నేర్చుకోదు. దాని స్వభావం అలాంటిది. మనిషి ధైర్యం, నిగ్రహం, న్యాయం అలా కాదు. అవి పుట్టుకతో రావు, పుట్టుకకి విరుద్ధమూ కావు. వాటిని తీసుకోగల వీలు పుట్టుకతో వస్తుంది, చేస్తూ చేస్తూ ఉంటే అవి స్థిరపడతాయి. న్యాయమైన పనులు చేస్తే న్యాయవంతుడవుతాడు, వీణ వాయిస్తే వైణికుడైనట్టు. చెడ్డగా వాయిస్తే చెడ్డ వైణికుడు, అదీ ఆయనే అన్నాడు.

రాజమండ్రి_రేవు
తినగ తినగ వేము.

సీమ_మిరప
వేము తియ్యన అవ్వడం అలవాటు, మంచిదవ్వడం కాదు రేవు గారూ. లంచం కూడా తినగ తినగ తియ్యగానే ఉంటుంది.

షుగర్_డాక్టరమ్మ
ఇక్కడ నా అనుభవం చెప్పాలి. నా దగ్గరికి వచ్చే పేషెంట్లలో షుగర్‌కి ఏం తినకూడదో తెలియనివాళ్లు దాదాపు లేరు. కొందరు నాకే పాఠం చెబుతారు. అన్నం తగ్గించాలి, నడవాలి, స్వీట్లు మానాలి అని గడగడా అప్పజెబుతారు. సంక్రాంతి వెళ్లాక రిపోర్టు చూస్తే అంకె ఆకాశంలో ఉంటుంది. "తెలుసమ్మా, కానీ అరిసెలు కదా" అంటారు. సోక్రటీస్ ఎవరూ తెలిసి తెలిసి చెడు చేయరు అన్నాడట. ఒక్క రోజు నా ఓపీలో కూర్చోబెడితే ఆ మాట వెనక్కి తీసుకునేవాడు.

మూడో_అటెంప్ట్
మేడమ్, ఇది మా ఎథిక్స్ పేపర్‌కి పనికొచ్చే కేసు. 'ప్రొటాగరస్'లో సోక్రటీస్ మాట అదే. చేశాడంటే అది చెడని వాడికి నిజంగా తెలియదు, దగ్గరున్న సుఖం పెద్దగా, దూరంగా ఉన్న నష్టం చిన్నగా కనబడి లెక్క తప్పాడు అంటాడు. అంటే మీ పేషెంట్లు లెక్కలో తప్పారు.

షుగర్_డాక్టరమ్మ
లెక్క నాకంటే బాగా వస్తుంది బాబూ వాళ్లకి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అంకె పాయింట్ దాకా చెబుతారు.

గోలి_సోడా
యూరిపిడీస్ నాటకం 'మీడియా' ఆడింది క్రీ.పూ. 431లో. అందులో మీడియా అనే ఆవిడ తన పిల్లల్ని చంపబోతూ, "నేను చేయబోయేది ఎంత ఘోరమో నాకు తెలుసు, కానీ నా ఆలోచనల కంటే నా కోపానిదే పైచేయి" అన్న అర్థం వచ్చేలా మాట్లాడుతుంది. సోక్రటీస్ ఊళ్లోనే, ఆయన బతికుండగానే. డాక్టరమ్మ గారి పార్టీ అప్పుడే ఉందన్నమాట.

గ్రీకుపిచ్చి
డాక్టర్ గారికి నచ్చే జవాబు అరిస్టాటిల్ 'నికొమాకియన్ ఎథిక్స్' ఏడో పుస్తకంలో ఉంది. తెలిసి చేసేవాడు నిద్రపోతున్నవాడిలా, పిచ్చెక్కినవాడిలా, తాగినవాడిలా ఉంటాడు అంటాడు. తెలివి ఉంది, ఆ సమయానికి చేతికి అందదు. మాటలు అప్పజెప్పగలిగినంత మాత్రాన తెలిసినట్టు కాదు, తాగినవాడు కూడా ఎంపెడోక్లిస్ పద్యాలు చదువుతాడు అన్నాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా మాటలు వరసగా చెప్పేస్తారు గానీ అవి ఇంకా వాళ్లకి ఒంటబట్టలేదు, దానికి టైమ్ పడుతుంది అని కూడా.

షుగర్_డాక్టరమ్మ
ఇది నిజం. "ఒంటబట్టలేదు" అన్నది నా కేస్ షీట్లలో రాసుకోవాలి. అరిసె ఒంటబట్టినంత తొందరగా అడ్వైస్ ఒంటబట్టదు.

డల్లాస్_సుబ్బు
ఎంపెడోక్లిస్ ఎవరు? మన తాగుబోతుల సంఘానికి ఆస్థానకవా?

లెక్కల_మాస్టారు
సిసిలీలో ఆక్రగాస్ ఊరివాడు. భూమి, నీరు, గాలి, నిప్పు అనే నాలుగు మూలాలు ఎప్పటికీ పోవు, పుట్టవు. ప్రేమ వాటిని కలుపుతుంది, కలహం విడదీస్తుంది. మనం పుట్టుక, చావు అనేవి ఆ కలయికలు, విడిపోవడాలు మాత్రమే అన్నాడు. గమనించండి, పార్మెనిడీస్ కొట్టిన దెబ్బకే ఇదంతా వచ్చింది. మూలం మారదని ఒప్పుకుని, కనబడే మార్పుని కలపడం, విడదీయడంగా సర్దుకున్నారు. డెమోక్రిటస్ అణువులు, శూన్యం కూడా అంతే. నా పార్మెనిడీస్ లేకపోతే అణువు అనే ఆలోచన అప్పట్లో పుట్టేది కాదు.

సీమ_మిరప
అందరూ అరిస్టాటిల్‌కి హారతి పడుతున్నారు కాబట్టి నేను కొంచెం కారం చల్లుతా. మనిషి స్వభావం అలవాటుతో మారుతుందని ఇంత బాగా చెప్పిన మనిషే 'పాలిటిక్స్' మొదటి పుస్తకంలో కొందరు స్వభావం చేతనే బానిసలు అన్నాడు. స్త్రీకి ఆలోచించే శక్తి ఉంది గానీ దానికి అధికారం లేదన్నాడు. అంటే రాయి పోలిక ఎవరికి? పౌరుడికి అలవాటు, బానిసకి స్వభావం. "కాగలదు" అనే గడి కొందరికే గీశాడు. "ఆ కాలం అలాంటిది" అని ఎవరూ మొదలెట్టకండి. ఆ కాలంలోనే బానిసత్వం మనుషులు పెట్టుకున్న కట్టుబాటే తప్ప స్వభావం కాదు అన్నవాళ్లు ఉన్నారు. వాళ్ల వాదన ఆయనకి తెలుసు, ఆ పుస్తకంలోనే రాశాడు. ఆల్కిడామస్ అనే వక్త అయితే "దేవుడు అందర్నీ స్వేచ్ఛగా వదిలాడు, ప్రకృతి ఎవర్నీ బానిసగా పుట్టించలేదు" అన్నాడు. వినీ కాదన్నాడు అరిస్టాటిల్.

మూడో_అటెంప్ట్
అక్కా, ఆయన వీలునామాలో కొందరు బానిసల్ని విడుదల చేయమని రాశాడు కదా?

సీమ_మిరప
రాశాడు. స్వభావం చేత బానిసైతే వీలునామాతో ఎలా విడుదలవుతాడు? ఆయన చెయ్యి ఆయన పుస్తకాన్ని నమ్మలేదు.

గ్రీకుపిచ్చి
దీనికి నా దగ్గర వాదం లేదు. ఒకటి చేర్చుతా. ఈ విషయంలో ప్లేటో కొంత మెరుగు, 'రిపబ్లిక్' ఐదో పుస్తకంలో ఆడవాళ్లూ రాజ్యాన్ని కాపలా కాసేవాళ్లు కావచ్చు అన్నాడు. కానీ ఆయనదే బంగారం, వెండి, ఇనుము, కంచు కథ కూడా. దేవుడు మనుషుల్లో ఒక్కొక్కరిలో ఒక్కో లోహం కలిపాడని జనానికి చెప్పి నమ్మించాలంటాడు. అది అబద్ధమని ఒప్పుకునే.

గోలి_సోడా
కంచు తల్లిదండ్రులకి బంగారు పిల్లవాడు పుట్టొచ్చు, అప్పుడు వాణ్ణి పైకి పంపాలి అని కూడా ఆ కథలో ఉంది. మన దగ్గర ఆ క్లాజు కొట్టేశారు.

సీమ_మిరప
పరీక్ష పెట్టేది ఎవరు? బంగారం వాళ్లే కదా. ఆ క్లాజు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

రాజమండ్రి_రేవు
అసలు హెరాక్లిటస్ పుస్తకం సోక్రటీస్ చదివాడా? ఇన్ని కబుర్లు చెబుతున్నాం.

గ్రీకుపిచ్చి
చదివాడని ఒక కథ. యూరిపిడీస్ ఆ పుస్తకం ఇచ్చి ఎలా ఉందని అడిగితే, "అర్థమైనంత వరకు అద్భుతం. అర్థం కానిది కూడా అద్భుతమే అనుకుంటా. కాకపోతే అడుగు దాకా వెళ్లాలంటే డీలోస్ దీవి గజ ఈతగాడు కావాలి" అన్నాడట. నిజమో కాదో గానీ ఇంత మంచి పుస్తక సమీక్ష నేను ఇంకోటి చూడలేదు.

హెరాక్లిటస్ కూడా తక్కువ తిన్నవాడు కాదు. "చాలా చదివినంత మాత్రాన బుద్ధి రాదు, వస్తే హీసియడ్‌కీ పైథాగరస్‌కీ వచ్చేది" అని తనకంటే ముందువాళ్లని పేరు పెట్టి తిట్టాడు.

బెంచ్_మీద_బుజ్జి
అది నాకు తగిలింది. బెంచ్ మీద కూర్చుని మూడు సర్టిఫికేషన్లకి చదువుతున్నా. పాత టెక్నాలజీ పదేళ్లు చేశా, ఇప్పుడు చూస్తే సగం మర్చిపోయా. ఏం నేర్చుకున్నట్టు?

గోలి_సోడా
బుజ్జీ, ప్లేటో 'సింపోజియం'లో డియోటిమా అనే ఆవిడ మాట ఉంది. అందులో ఈ చర్చంతా ఒక పేజీలో ఉంది. చిన్నప్పటి నుంచి ముసలితనం దాకా ఒకే మనిషి అంటాం. కానీ జుట్టు, కండ, ఎముక, నెత్తురు అన్నీ పోతూ కొత్తవి వస్తూ ఉంటాయి. ఒంటి సంగతే కాదు, అలవాట్లు, అభిప్రాయాలు, కోరికలు, భయాలు కూడా అంతే. ఇంకా వింతేమిటంటే, మనకి తెలిసినవి కూడా అంతే. తెలిసింది జారిపోతూ ఉంటుంది. చదువుకోవడం, సాధన చేయడం అంటే జారిపోయిన దాని చోట మళ్లీ ఒకటి పెట్టుకోవడం. అప్పుడు అది పాతదేనన్నట్టు ఉంటుంది. చావు ఉన్నవి నిలిచే తీరు ఇదేనంటుంది ఆవిడ. మర్చిపోవడం నీ ఒక్కడి లోపం కాదు.

డల్లాస్_సుబ్బు
నాకు ఇది ఆ నది మాట కంటే నచ్చింది.

లెక్కల_మాస్టారు
రెండుకి రెండు కలిపితే నాలుగు అన్నది కూడా జారిపోతుందా? లెక్క తెలిసినవాడు జారొచ్చు, లెక్క జారదు. ప్లేటోకి అది తెలుసు, అందుకే మారని రూపాలంటూ వేరే చోట పెట్టుకున్నాడు. ఆయన సగం పార్మెనిడీస్ మనిషి.

మూడో_అటెంప్ట్
మాస్టారూ, లెక్కలు వచ్చినంత మాత్రాన జ్ఞాని కాడు అని కూడా అరిస్టాటిల్ అన్నాడు. కుర్రవాళ్లు జామెట్రీలో దిట్టలు కావచ్చు, బతుకు విషయంలో వివేకం ఉన్న కుర్రవాడు కనబడడు, దానికి అనుభవం కావాలి అన్నాడు. మిమ్మల్ని అనట్లేదు. నన్ను అంటున్నాడు.

షుగర్_డాక్టరమ్మ
సోక్రటీస్ వివేకం మాటేమిటి? "నాకేమీ తెలియదని నాకు తెలుసు" అన్నది నిజమేనా, అదీ స్లయిడ్ సరుకేనా?

గ్రీకుపిచ్చి
అది కూడా అచ్చంగా ఆ రూపంలో లేదు. ఆయన స్నేహితుడు కైరెఫోన్ దేవుడి పలుకు చెప్పే డెల్ఫీ గుడికి వెళ్లి, సోక్రటీస్ కంటే తెలివైనవాడు ఉన్నాడా అని అడిగాడు. లేడు అని జవాబొచ్చింది. అదెలా కుదురుతుందని సోక్రటీస్ ఊరి మీద పడ్డాడు. నాయకులకి తెలుసనే పేరుంది, తెలియదు. కవులు గొప్పగా రాశారు, ఏం రాశారో చెప్పలేరు. చేతిపనివాళ్లకి మాత్రం నిజంగానే పని తెలుసు. కానీ ఆ ఒక్కటి తెలుసు కాబట్టి లోకంలో పెద్ద విషయాలన్నీ తెలుసనుకున్నారు. తనకి తెలియనిది తెలుసని అనుకోడు, వాళ్ల కంటే తాను ఆ కాస్త మేలు అని తేల్చుకున్నాడు. క్రీ.పూ. 399లో డెబ్బై ఏళ్ల వయసులో, చివరికి మరణశిక్ష వేసిన కోర్టులో చెప్పుకున్నది ఇదే. ముప్పై ఓట్లు అటు నుంచి ఇటు పడుంటే బయటపడేవాడు.

రాజమండ్రి_రేవు
తర్వాత శిక్ష ఏం వేయమంటావని అడిగితే, ప్రభుత్వ ఖర్చుతో భోజనం పెట్టండి అన్నాడు కదా. అలాంటి వాడికి ఓట్లేం పడతాయి.

సీమ_మిరప
నాకు సోక్రటీస్ మీద ఒక అనుమానం ఉంది. తెలియదు తెలియదు అంటూనే, అదే కోర్టులో "అన్యాయం చేయడం చెడ్డదని నాకు తెలుసు" అన్నాడు. స్పష్టంగా తెలుసు అనే అన్నాడు. ప్రాణం కూడా దాని మీదే పెట్టాడు. మిగతా అందర్నీ "నీకెలా తెలుసు" అని ఏడిపించిన మనిషికి ఆ ఒక్కటి ఎలా తెలిసింది?

గ్రీకుపిచ్చి
మంచి చోట పట్టుకున్నారు. ప్లేటో 'గోర్గియాస్'లో దీనికి దగ్గర జవాబు ఉంది. అన్యాయం పొందడం కంటే చేయడం హీనం అన్న మాట ఇనుముతో, వజ్రంతో బిగించినట్టు ఉంది అంటాడు. వెంటనే, ఇవి అసలు ఎలా ఉంటాయో నాకు తెలియదు, కానీ నేను కలిసినవాళ్లలో దీన్ని కాదని నవ్వులపాలు కానివాడు లేడు అంటాడు. రుజువు దొరికిందని అనట్లేదు. ఎంతమంది తోసినా పడలేదు అంటున్నాడు.

సీమ_మిరప
అది ఎదుటివాళ్లు ఓడిపోయారనడానికి సాక్ష్యం, ఆయన గెలిచాడనడానికి కాదు. రేపు ఇంకా గట్టివాడు వచ్చి తోస్తే?

మూడో_అటెంప్ట్
అక్కా, అప్పుడు సోక్రటీస్ సంతోషంగా ఓడిపోతాడు. తప్పు చూపిస్తే చూపించుకోవడం నాకిష్టం అని అదే పుస్తకంలో అన్నాడు.

సీమ_మిరప
ఎవరూ చూపించలేదు కాబట్టి ఆ సంతోషం మనం చూడలేదు.

గ్రీకుపిచ్చి
చూపించగలిగినవాడు అదే పుస్తకంలో ఒకడున్నాడు, కాలిక్లిస్. బలవంతుడిదే న్యాయం, నువ్వు చెప్పేవి బలహీనులు పెట్టుకున్న కట్టుబాట్లు అని మొదట భలే దూకుడుగా వచ్చాడు. సగంలో అలిగి, నీకు నువ్వే ప్రశ్న వేసుకుని నువ్వే జవాబు చెప్పుకో అని కూర్చున్నాడు. సోక్రటీస్ నిజంగానే అలా చేశాడు.

రాజమండ్రి_రేవు
మాస్టారూ, మీరు అలగకండి. పార్మెనిడీస్ తరఫున ఇంకెవరూ లేరు.

లెక్కల_మాస్టారు
అలగడం కూడా మార్పే. నేను చేయను.